పదకొండు మంది హాజరు

ఆ పిల్ల ఉత్తరాలన్నీ నా చేతుల మీదుగానే పోయేవి. గోదావరిఖనిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నాకు పని. ఎక్కడెక్కడో ఉన్న దాతలు ఒక్కొక్క పేద పిల్లను చదివిస్తామని ఒప్పుకుంటారు. ఫీజు, పుస్తకాలు, బట్టలు మా సంస్థ ద్వారా అందుతాయి. మూడు నెలలకోసారి నేను స్కూటీ మీద ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి, బడికి పోతున్నారో లేదో చూసి, దాతకు ఒక ఉత్తరం రాయించుకుని, ఒక ఫొటో తీసుకుని రావాలి. మా ఆయన బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఆయన ఫస్టు షిఫ్టుకు పోయాక నా డ్యూటీ మొదలయ్యేది.

ఆ పిల్లది కమాన్‌పూర్ వైపు ఊరు. తల్లి జ్వరంతో పోయింది. తండ్రి నస్పూర్‌లో ఇంకో సంసారం పెట్టుకుని ఇటు రావడమే మానేశాడు. పిల్లను సాకింది తండ్రి తల్లి. మా వైపు బాపమ్మ అంటాం. దాత సముద్రం పక్క పట్నంలో ఉండే రిటైరైన టీచరమ్మ. ఒంటరి మనిషి. గుండ్రటి అక్షరాలతో, "అమ్మలూ" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసేది. నీ స్నేహితుల గురించి రాయి, బడిలో ఏం జరిగిందో రాయి అని ప్రతిసారీ అడిగేది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఊరు నిండుగా ఉంది. బర్లు, కోళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, బడిలో ఇరుకిరుకుగా కూర్చున్న పిల్లలు. ఓపెన్‌కాస్టు గని వచ్చి ఊరు లేస్తుందని, అంటే ఊరంతా ఖాళీ చేయిస్తారని, అప్పటికే అంటున్నారు. మా దగ్గర ఊళ్లు లేవడం కొత్త కాదు. లేస్తాయన్న మాట పుట్టాక కూడా ఏళ్లకేళ్లు లేవవు. అందుకే నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏడాది నాకు ఆపరేషన్ అయింది. ఆరు నెలలు బండి నడపొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ ఆరు నెలలూ పిల్ల మెయిన్ రోడ్డు దాకా నడిచొచ్చి, ఉత్తరాలు ఒక ఆటో డ్రైవర్ చేతికిచ్చి పంపేది. నేను ఆఫీసులో కూర్చుని చదివి, కవర్లో పెట్టి, దాతకు పోస్టు చేసేదాన్ని.

వాటిలో ఒకటి నాకిప్పటికీ కంఠతా వచ్చు. "అమ్మా, ఇయ్యాల బడికి పదకొండు మందిమి వచ్చినం. సార్ రాలేదు. నేనే ఎక్కాలు చెప్పిచ్చిన. రెండో నంబరుది పలక పలిగింది. ఏడో నంబరుకు దగ్గు తగ్గలేదు. తొమ్మిదో నంబరు నా మీద అలిగి గోడ దిక్కు మొకం పెట్టి కూసుంటుంది."

స్నేహితులను పేర్లతో కాకుండా హాజరు పట్టీలో నంబర్లతో ఎందుకు రాస్తున్నావని టీచరమ్మ అడిగింది. పిల్ల జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. "పేరు పెట్టి పిలుస్తె వస్తలేరమ్మా. నంబరు పిలుస్తెనే వస్తున్నరు."

చిన్నపిల్లల ఆటలే అనుకుని నవ్వుకున్నాను. టీచరమ్మకు కూడా ముచ్చటేసినట్టుంది. ఆ పదకొండు మందికీ ఇవ్వమని ఆకుపచ్చ మూతల పెన్నులు పదకొండు పార్శిల్ చేసింది. ఒక్కోదానికి తెల్లదారంతో ఒక చీటీ కట్టి ఉంది. "బాగా చదువుకో" అని తన చేత్తో రాసిన చీటీ.

నాకు బండెక్కే ధైర్యం వచ్చిన మొదటి వారమే ఆ పెన్నులు సంచిలో వేసుకుని బయల్దేరాను. మెయిన్ రోడ్డు దిగేసరికి పట్టపగలు, పదకొండున్నర అయి ఉంటుంది. ఊళ్లోకి మలుపు తిరగ్గానే బండి దానంతటదే నెమ్మదించినట్టు అనిపించింది. నా చెయ్యే యాక్సిలరేటర్ వదిలేసిందని తర్వాత తెలిసింది.

ఇళ్లున్నాయి కాని తలుపుల్లేవు. దర్వాజలు పీకేసిన చోట గోడలకు పెద్ద పెద్ద బొందలు. పైన పెంకలు తీసేశారు, లోపల వంటిళ్లలో ఎండ పడుతోంది. ప్రతి గోడ మీద సర్వేవాళ్లు ఎర్ర రంగుతో వేసిన ఒక అంకె. ఒక ఇంట్లో గోడకు పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురి ఫొటో అలాగే వేలాడుతోంది. ఊరి వెనక గని తవ్వి పోసిన మట్టిగుట్ట ఇంటి కప్పుల కంటే ఎత్తుగా లేచి ఉంది. నేను కిందటిసారి చూసినప్పుడు అది చాలా దూరంలో ఉండేది. ఒక్క కుక్క నన్ను చూసింది, మొరగలేదు.

వెనక్కి తిరుగుదామనుకుంటుండగా బడి వైపు నుంచి పిల్లల గొంతులు వినిపించాయి.

"ఒకటో నంబర్."

"ప్రెజెంట్ సార్."

"రెండో నంబర్."

"ప్రెజెంట్ సార్."

నా ప్రాణం లేచొచ్చింది. ఊరు సగం పోయినా బడి నడుస్తోందనుకున్నాను. గొంతులు వేరువేరుగా ఉన్నాయి. ఒకటి కీచుగా, ఒకటి ముక్కుతో, ఏడో నంబరు దగ్గి మరీ పలికింది. బండి ఆపి, చీర సర్దుకుని, గుమ్మంలో నిలబడ్డాను.

గదిలో ఆ పిల్ల ఒక్కతే ఉంది.

బల్లలు లేవు, ఎవరో మోసుకుపోయారు. నేల మీద వరుసగా ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఒక్కో ఇటుక ముందు ఒక్కో కాగితం. వాటి మీద బొగ్గు దుమ్ము పడకుండా చిన్న రాయి. గోడ దిక్కున ఒక ఇటుక మాత్రం విడిగా, పక్కకు తిప్పి ఉంది. పిల్ల ముందు నిలబడి చేతిలో పాత రిజిస్టర్ అట్ట పట్టుకుంది. పన్నెండేళ్లుంటాయి. జుట్టుకు నూనె రాసి, రెండు జడలు శుభ్రంగా వేసుకుంది.

నన్ను చూసి బెదరలేదు, సిగ్గుపడలేదు. గది వైపు తిరిగి, "మేడం వచ్చింది, గుడ్ మార్నింగ్ చెప్పున్రి," అంది.

ఏ చప్పుడూ లేదు. పిల్ల ఆగింది. వాళ్లు చెప్పడానికి పట్టేంతసేపు సరిగ్గా ఆగి, నా మొహం చూసింది. వాళ్లు నిలబడి ఉన్నారనీ, నేను చెబితేనే కూర్చుంటారనీ నాకు అర్థమైంది.

"కూర్చోండి," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే ఇప్పటికీ నేనే నమ్మలేను.

"మిగతా వాళ్లేరి బిడ్డా?" అని అడిగాను.

"ఉన్నరు గద మేడం. మీరు కొత్తగ వచ్చిన్రని సప్పుడు చేస్తలేరు."

"ఊళ్లో ఎవరూ లేనట్టున్నారే?"

"పెద్దోళ్లు పోయిన్రు," అంది, అక్కడితో ఆ సంగతి అయిపోయినట్టు.

అప్పుడు సైరన్ మోగింది. గనిలో బాంబులు పేల్చే ముందు మోగేది. పిల్ల గాభరా పడలేదు. గుమ్మం పక్కన నిలబడి, చేత్తో సైగ చేస్తూ, "ఒకటి, రెండు, మూడు," అని ఒక్కొక్కరినీ బయటికి పంపింది. తొమ్మిది దగ్గర ఆగి, "అలిగినా సరే, బయటికి రా," అని గదమాయించింది. పదకొండు అయ్యాకే తను వచ్చింది. నేనూ అందాకా ఆగాను. ఎవరో నా పక్క నుంచి దాటి పోతున్నట్టు గోడకు ఒదిగి నిలబడ్డాను. భూమి కింద నుంచి ఒక దెబ్బ వచ్చింది. కాళ్లలోంచి పళ్లలోకి పాకింది. బడి కప్పు నుంచి గుప్పెడు సున్నం రాలింది.

వాళ్ల ఇల్లు ఊరి చివర ఉంది. దానికి మాత్రమే తలుపుంది. బాపమ్మ నన్ను గుర్తుపట్టి మంచినీళ్లిచ్చింది. జరిగిందంతా మెల్లగా చెప్పింది. ఊరంతా ట్రాక్టర్లలో లేచిన రోజు తామూ నస్పూర్‌కు, కొడుకు దగ్గరికి పోయారు. పది రోజులకే కొత్త కోడలు సామాను బయట పెట్టింది. ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చారు.

"పునరావాస కాలనీకి పోకపోయినవా అవ్వా? అందరు అక్కన్నే ఉన్నరు గద," అన్నాను.

ఆమె పెరటి వైపు చూపించింది. చింతచెట్టు పక్కన ఒక చిన్న మట్టిదిబ్బ, దాని మీద ఒక గాజుల జత. "ఈ పొల్ల తల్లి ఆడ పండుకున్నది. నాకు కోడలైనా బిడ్డ లెక్క సూసుకున్నది. అందరు పోతె అదొక్కతే ఏం గావాలె? రేపు మిషన్లచ్చి తవ్వుతయి. ఎట్ల ఇడిసిపెట్టి పోవాలె బిడ్డా?"

పిల్ల బడి గురించి అడిగితే ముసలామె కళ్లు దించుకుంది. "ఆడుకుంటది. మొదలు నేను సుత బుగులుపడ్డ. ఇప్పుడైతె నేను సుత పొద్దుగాల ఆళ్లు వచ్చేటాలకు వాకిలి ఊడుస్తున్న."

పిల్ల సంచిలోని పెన్నులు చూసి ఎగిరి గంతేసింది. నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. దర్వాజ లేని ప్రతి గడప మీద ఒక పెన్ను పెట్టి, లోపలికి తొంగిచూసి, "టీచరమ్మ పంపింది, పారేసుకోకు," అని చెప్పి ముందుకు నడిచింది. అలా పది ఇళ్లు. పదకొండోది తన జేబులో పెట్టుకుంది.

ఆఫీసులో నేను నిజం రాయలేదు. బడికి పోని పిల్లకు సాయం ఆపేయాలన్నది మా నిబంధన. రిపోర్టులో 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాను. పాత్రలు తోముతుంటే వెనక పిల్లలు వరుసగా నిలబడినట్టుండేది.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. గడపల మీద ఒక్క పెన్ను కూడా లేదు.

"తీస్కున్నరు మేడం," అంది పిల్ల సంతోషంగా.

ఒక గడప దగ్గర నల్లటి దుమ్ములో ఒక పాదం గుర్తు ఉంది. చిన్నది, చెప్పుల్లేనిది. ఈ పిల్ల పాదం కంటే బాగా చిన్నది. నేను ఆ పక్కన నా చెయ్యి పెట్టి కొలిచాను. నా చెయ్యంత కూడా లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ అంతా విన్నాడు. "దయ్యాలకు పెన్నులెందుకే?" అన్నాడు. "మనుషులే తీస్కపోయిన్రు. ఎవరో తెలుసుకో."

ఆ మాట పట్టుకునే మర్నాడు రామగిరి దారిలో ఉన్న పునరావాస కాలనీకి పోయాను. ఊరి బడి ఇప్పుడు అక్కడ నడుస్తోంది. సారును పిల్ల గురించి అడిగాను. "పేరైతె రిజిస్టర్ల నాలుగో నంబరు కాడ ఉన్నది మేడం. వాళ్ల నాయిన నస్పూర్ తీస్కపోయిండట," అన్నాడు. నేను గదిలోకి చూశాను. రెండో వరుసలో ఒక పిల్ల ఆకుపచ్చ మూత పెన్నుతో రాస్తోంది. దారం ఇంకా దానికే ఉంది.

"ఇదెక్కడిది?" అని అడిగితే ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. సాయంత్రం బడి వదిలాక తన వెంట ఇంటికి పోయాను. తల్లి పెన్నును చూడగానే కూతురి చేతి మీద కొట్టి లాగేసుకుంది.

"ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు! అక్కా, ఇది మా పాత ఇంటి కడప మీద దొరికింది. ఇటుకలు తెచ్చుకుందామని మా ఆయన పోతుంటె, చిన్నోడు సుత బండి మీద ఎక్కిండు. ప్రతి ఇంటి ముంగట ఒకటున్నదట. పోరడు అన్ని ఏరుకచ్చి దోస్తులకు పంచిండు."

ఆ పాదం ఎవరిదో అప్పుడు తెలిసింది. నా గుండె కుదుటపడేలోపే ఆమె గొంతు తగ్గించింది.

"అసలు సంగతి అది గాదక్కా. ఆ బడిల ఏదో ఉన్నది. దర్వాజలు తీయబోయిన మగోళ్లు ఇన్నరు. మా పిల్లల నంబర్లు పిలుస్తదట. మా పిల్లల గొంతుల్తోనే 'ప్రెజెంట్' అంటదట. నా బిడ్డది ఏడో నంబరు. అది దగ్గినట్టే దగ్గిందట! ఆ దినమే దీనికి జరమచ్చింది. తాయెత్తు కట్టిచ్చిన. ఆ ఊరు మా పోరగాండ్లను మల్ల గుంజుకుంటదేమోనని మాకు భయం. ఆ దిక్కు ఇప్పుడు ఎవ్వలు పోతలేరు."

చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు. ఒకామె తన కొడుకు నంబరు కూడా పిలిచిందని కొంగు నోట్లో పెట్టుకుంది. నేను అక్కడే అరుగు మీద కూలబడి చెప్పాను. "అది దయ్యం కాదమ్మా. మీ ఊరి పిల్లే. నాలుగో నంబరు. వాళ్ల బాపమ్మతో ఆ ఊళ్లనే ఉన్నది. మీ పిల్లలను యాది చేసుకుంటున్నది, అంతే."

ఏడో నంబరు తల్లి తన చేతిలోని పెన్నును కొంగుతో తుడిచింది. "ఆ పొల్ల తల్లి నేను ఒక్క మడిల నాట్లేసినోళ్లం," అంది. "అది అక్కడ ఒక్కతే ఉన్నదా? ఇన్ని దినాలా?"

ఆదివారం పొద్దున రెండు ఆటోల్లో పోయాం. ఆరుగురు పిల్లలు వచ్చారు. మిగతా వాళ్ల ఇళ్లల్లో పంపలేదు. మేం వెళ్లేసరికి బడిలో హాజరు నడుస్తోంది. గుమ్మం దగ్గర తల్లులు ఆగిపోయారు. పిల్లలు మాత్రం లోపలికి తోసుకుని పోయారు.

ఆ పిల్ల వాళ్లను చూసి పరుగెత్తుకొస్తుందనుకున్నాను. కాని రెండడుగులు వెనక్కి వేసి గోడకు అతుక్కుపోయింది. మొహంలో రక్తం లేదు. నేను ఆ బడిలో మొదటిరోజు ఎలా భయపడ్డానో, తనూ అలాగే భయపడింది.

"మీరెవ్వలు?" అంది. "వాళ్లు ఇక్కడున్నరు గద."

ఏడో నంబరు పిల్ల ముందుకొచ్చింది. "నేనే. గుర్తుపడ్తలేవా? నాది ఏడో నంబరు."

"ఏడో నంబరు కూసున్నది," అని ఇటుక వైపు చూపించింది.

ఆ చిన్నదానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. తను వాదించలేదు. మెల్లగా నడిచి వెళ్లి, "జర జరుగు," అని ఆ ఇటుకతో అని, దాని మీద కూర్చుంది. కూర్చుని ఒక్కసారి దగ్గింది. అది చూసి రెండో నంబరు పిల్ల తన ఇటుక మీద కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు ఆరుగురూ కూర్చున్నారు. తొమ్మిదో నంబరు పిల్ల గోడ దిక్కు తిప్పి ఉన్న ఇటుకను చూసి, "నేనెప్పుడు అలిగిన్నే?" అని దాన్ని ముందుకు తిప్పుకుంది.

పిల్ల రిజిస్టర్ అట్ట ఎత్తింది. "ఒకటో నంబర్," అంది. ఒకటో నంబరు రాలేదు. తనే సన్నటి గొంతుతో "ప్రెజెంట్ సార్" అంది. "రెండో నంబర్," అంది.

"ప్రెజెంట్ సార్."

ఆ జవాబు తన నోట్లోంచి రాలేదు. పిల్ల అట్ట కింద పడేసి, చేతులతో చెవులు మూసుకుని, నేల మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. తల్లులందరూ ఒక్కసారే లోపలికొచ్చారు.

పిల్ల, బాపమ్మ ఆ ఊరు వదలడానికి ఇంకో నెల పట్టింది. కులపెద్దలతో మాట్లాడి, చింతచెట్టు పక్కన కోడలిని పెట్టిన చోటి నుంచి కొత్త కుండలో మట్టి తీసి, కాలనీ శివారులో పూడ్చడానికి ఒప్పించాక బాపమ్మ కదిలింది. ఆటోలో కుండను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గుంతలొచ్చినప్పుడల్లా, "ఏం లేదు బిడ్డా, ఏం లేదు," అని దానితో అంటూనే ఉంది.

కాలనీ బడిలో పిల్ల చేరింది. అంతా వెంటనే బాగైపోయిందని చెప్పలేను. చాలారోజులు కొందరు తల్లులు తమ పిల్లలను ఆమె పక్కన కూర్చోనివ్వలేదు. ఒకటో నంబరు వాళ్లయితే ఆమెను చూస్తే దారి మారేవాళ్లు. ఏడో నంబరు పిల్ల మాత్రం ఒక్కరోజు కూడా పక్క వదల్లేదు. కొన్నాళ్ల తర్వాత ఒకసారి నేనే అడిగాను, ఆ రోజులు యాదికున్నాయా అని. "అన్ని గొంతులు నేనే పలికిన్నని అందరంటరు మేడం," అంది. "నేను పిలిచింది యాదికున్నది. పలికింది మాత్రం యాదికి లేదు."

సంస్థలో నా తప్పు ఒప్పుకున్నాను. తిట్లు తిన్నాను, ఉద్యోగం నిలిచింది. టీచరమ్మకు కూడా ఉన్నదున్నట్టు రాసి, ఆ ఉత్తరాలు అబద్ధమని తెలిశాక కూడా దాచినందుకు క్షమించమన్నాను. ఆమె జవాబు ఆలస్యంగా వచ్చింది. "ముప్పై ఏళ్లు హాజరు పిలిచినదాన్ని. రిటైరైన మొదటి ఏడాది నేనూ ఇంట్లో పిలిచేదాన్నండి. ఎవరికీ చెప్పలేదు. పాపకు సాయం ఆపకండి," అని రాసింది.

పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పోయిన చలికాలం టీచరమ్మ రైలెక్కి రామగుండం వచ్చింది. మా క్వార్టర్లోనే ఇద్దరూ కలుసుకున్నారు. అన్నేళ్లు ఉత్తరాలు రాసుకున్నవాళ్లు ఎదురెదురుగా కూర్చుని, చాయ్ గ్లాసులు చూస్తూ ఉండిపోయారు.

"ఈమధ్య ఉత్తరాలు తగ్గించేశావేమమ్మా?" అని టీచరమ్మే అడిగింది.

"ఏం రాయాలెనమ్మా?" అంది పిల్ల మొహమాటంగా. "పరీక్షలు, హాస్టల్, అన్నం... గంతే గద."

"అన్నంలోకి ఏం వండుతారో రాయి," అంది టీచరమ్మ. "నాకు అదే కావాలి."

పిల్ల నవ్వింది. ఆదివారం చికెన్ ఎంత పల్చగా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ వార్డెన్‌ను అనుకరించింది. టీచరమ్మ పడీ పడీ నవ్వింది. నేను వంటింట్లోకి పోయి, రాత్రికి రైల్లో తినడానికి ఆమెకు చపాతీలు చేశాను.